మందార ఆకుల మీద తెల్లగా ఏదో పట్టిందా? ముందు వేలితో రుద్ది చూడండి

కుండీలో మందారం ఆకులు తెల్లబడగానే చాలామంది వెంటనే వేపనూనె కలిపి కొట్టేస్తారు. దయచేసి ఒక్క రోజు ఆగండి. తెల్లగా కనిపించేదల్లా పురుగు కాదు, అన్నింటికీ మందు ఒకటే కాదు. పొద్దున వెలుతురులో ఆకు పైన, అడుగున, కాడ కొమ్మకు కలిసే చోట చూడండి. తర్వాత వేలితో రుద్దండి. ఆ రెండు నిమిషాల్లోనే సగం తేలిపోతుంది.

రుద్దినా పోవట్లేదు, ఆకు పైవైపే ఉంది

నీటి చుక్క ఆరిపోయిన ఆకారంలో మరకలు, అంచు చిక్కగా, మధ్యలో పల్చగా ఉంటే అవి బోరు నీళ్ల ఉప్పు చారలు. బాత్రూమ్ కుళాయికి పట్టే తెల్లటి పొర లాంటిదే ఇదీ. ఒక చుక్క నిమ్మరసం వేసి నిమిషం ఆగి తడిగుడ్డతో తుడిస్తే ఆకుపచ్చ రంగు బయటపడుతుంది. దీనికి మందేమీ అక్కర్లేదు. నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి, వానాకాలంలో కుండీని వానకు తడవనివ్వండి.

ముగ్గుపిండిలా వేలికి అంటుకుంటోంది

ఇది బూడిద తెగులు, అంటే శిలీంధ్రం. పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉండే చలికాలంలో ఎక్కువ. మందారం కన్నా పక్కనున్న గులాబీ, గుమ్మడి మీద ముందు కనిపిస్తుంది. పట్టిన ఆకులు తుంచేసి, కుండీల మధ్య గాలి ఆడేలా జరపండి. తొలిదశలో ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పొద్దున్నే పిచికారీ చేస్తే చాలావరకు ఆగుతుంది. ముదిరితే నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు. అయితే గంధకాన్ని మండే ఎండలో కొట్టకూడదు. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలే వద్దు, ఆకులు మాడిపోతాయి. గుమ్మడి జాతి తీగలు కూడా గంధకానికి తట్టుకోలేవు, వాటికి పాలనీళ్లతోనే సరిపెట్టండి.

కొమ్మ ఊపగానే తెల్లగా ఎగిరిపోతున్నాయి

తెల్లదోమ. ఆకు అడుగున మైనంతో గీసినట్టు సుడులు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు కొబ్బరి తోటల్లో బయటపడింది, తర్వాత మన గోదావరి జిల్లాల కొబ్బరికీ చేరింది. ఇంటి మొక్కకైతే పసుపు రంగు జిగురు అట్టలు కట్టి, ఆకు అడుగుభాగాన్ని నీళ్ల పైపుతో గట్టిగా కడగండి.

దూదిలా ఉంది, చిగుళ్లు ముడుచుకున్నాయి

మందారానికి అసలు శత్రువు ఇదే, పిండినల్లి. దూది లాంటి ముద్దను గోటితో నొక్కితే లోపల మెత్తటి పురుగులు నలిగి, వేలికి లేత గులాబీ రంగు తడి అంటుతుంది. మొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. ఆకులు జిగురుగా మారి, ఆ జిగురు మీద మసి పడుతుంది. కాండం మీద చీమలు బారులు తీరి ఉంటాయి.

ఆ చీమల సంగతి చెప్పి తీరాలి. రెండేళ్ల కిందట మా మందారానికి మూడుసార్లు వేపనూనె కొట్టాను. ప్రతిసారీ వారం తిరిగేసరికి మళ్లీ దూది. చాలా టెన్షన్ పడ్డాను. చివరికి చీమల బారు వెంట చూస్తూ వెళ్తే పక్క కుండీలోని గడ్డి మొదట్లో ఇంకో గుంపు దొరికింది. చీమలు ఆ జిగురు కోసం పిల్ల పురుగుల్ని మోసుకొచ్చి కొత్త చిగుళ్ల మీద దించుతున్నాయి. అందుకే ముందు చీమల దారి కట్టేయండి. కుండీని స్టాండు మీద పెట్టి, దాని కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచండి. ఆకులు గోడకు తగలకుండా చూడండి.

ఆ తర్వాత ముడుచుకున్న చిగుళ్లు కత్తిరించి, కవర్లో ముడివేసి పారేయండి. కంపోస్టులో వేయకండి. మిగిలిన దూదిని నీళ్ల ధారతో కొట్టి రాల్చండి. అప్పుడు మందు: 5 మి.లీ. వేపనూనెలో అర చెంచా లిక్విడ్ సబ్బు వేసి, తెల్లగా పాలలా అయ్యేదాకా బాగా కలిపి, లీటరు నీళ్లు కొద్దికొద్దిగా పోయండి. సబ్బు లేకుండా నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైన తేలిపోతుంది. సాయంత్రం, ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టండి. గుడ్ల నుంచి కొత్త పిల్లలు వస్తుంటాయి కాబట్టి వారానికోసారి మూడు వారాలు కొట్టాలి. పూజకు కోసే పూలు కనుక రసాయన మందుల జోలికి వెళ్లకపోవడమే నాకు ఇష్టం.

కొట్టే ముందు ఇంకొక్క మాట. దూది గుంపులో ఒకటి మిగతావాటికన్నా పెద్దగా, ఒళ్లంతా తెల్లటి పోగులతో చురుగ్గా పాకుతూ కనిపిస్తే దాన్ని చంపకండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు. 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన రకం, పిండినల్లే దాని తిండి. అలాంటివి రెండు మూడు కనబడితే ఆ కొమ్మకు మందు కొట్టకుండా వారం వదిలేయండి.