వీఏ లోన్‌తో ఇల్లు, 6వ పాఠం: అప్రైజర్ చూశాక ఇన్‌స్పెక్షన్ ఎందుకు?

అమెరికా సైన్యంలో పనిచేసినవాళ్ళకు అక్కడి వెటరన్స్ అఫైర్స్ శాఖ (వీఏ) హామీతో దొరికేదే వీఏ లోన్. పోయిన పాఠంలో దాని గురించి నేను రాసిన ఒక వాక్యం కొందరిని ఇబ్బందిలో పడేసింది. "వీఏ తరఫున ఒక మనిషి వచ్చి ఇల్లు చూస్తాడు, మరీ పాడైన ఇంటికి లోన్ రానివ్వరు" అని రాశాను. అది చదివి ఇన్‌స్పెక్షన్, అంటే కొనేవాళ్ళు సొంత డబ్బుతో ఇంటి లోపాలు వెతికించుకునే పరీక్ష, మానేశామని ముగ్గురు ఉత్తరాలు రాశారు. వాళ్ళలో ఒకాయనకు, ఇల్లు పరీక్ష చేయించుకుని నచ్చకపోతే తప్పుకోవడానికి కాంట్రాక్టులో ఉన్న గడువు ఇంకా రెండు రోజులుంది. వెంటనే ఫోన్ చేసి, ఆ సాయంత్రమే ఇన్‌స్పెక్టర్‌ని మాట్లాడుకోమన్నాను. మిగతా ఇద్దరికీ గడువు దాటిపోయింది. అందుకే ఈ వారం చెప్పాల్సిన వడ్డీ లాక్ (వడ్డీ రేటును ముందే ఖాయం చేసుకోవడం) సంగతి పక్కన పెట్టి, ముందు దీన్ని సరిచేస్తాను.

వచ్చే మనిషి అప్రైజర్. ఆయన్ని ఎంచుకునేది మీరు కాదు, లోన్ ఇచ్చేవాళ్ళూ కాదు. వీఏ తన జాబితాలోంచి వంతుల వారీగా కేటాయిస్తుంది. ఆయన చూసేవి రెండే: ఈ ఇల్లు ఈ ధర చేస్తుందా, వీఏ పెట్టిన కనీస ప్రమాణాలకు తూగుతుందా. హైదరాబాద్‌లో ఫ్లాట్ కొంటే బ్యాంకు వాల్యూయర్ వస్తాడు కదా. కొలతలు చూస్తాడు, ఫొటోలు తీసుకుంటాడు, చుట్టుపక్కల రేట్లు కనుక్కుంటాడు, వెళ్ళిపోతాడు. బాత్రూం గోడలో పైపు కారుతోందా అని ఆయన్ని మనం అడగం. ఇక్కడి అప్రైజర్ అంతకంటే కాస్త ఎక్కువ చూస్తాడు, కానీ పని స్వభావం అదే.

ఆ కనీస ప్రమాణాలు మంచివే. నీటి పైపులున్న చోట వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా ఉంచగలిగే హీటింగ్ ఉండాలి. సొంత బావి ఉంటే నీళ్ళ పరీక్ష చేయించాలి. 1978కి ముందు కట్టిన ఇంట్లో పెయింట్ పెచ్చులూడుతుంటే అందులో సీసం ఉందనే భావించి సరిచేయించాలి. చాలా రాష్ట్రాల్లో చెదల రిపోర్ట్ కావాలి (2022 నుంచి ఆ ఫీజు కొనేవాళ్ళ దగ్గరే తీసుకోవచ్చు). కానీ అప్రైజర్ రూఫ్ ఎక్కాల్సిన పని లేదు. డ్రైనేజీ పైపులోకి కెమెరా దింపడు. ఎలక్ట్రికల్ ప్యానెల్ మూత విప్పి వైర్లు చూడడు. అప్రైజల్ అంటే ఇన్‌స్పెక్షన్ కాదనీ, ఇంటి పరిస్థితికి తాము హామీ ఇవ్వడం లేదనీ వీఏనే స్పష్టంగా చెబుతుంది. పోయినసారి నేను రాయకుండా వదిలేసింది సరిగ్గా ఈ మాటే.

ఇన్‌స్పెక్షన్‌ను వీఏ తప్పనిసరి చేయలేదు, చేయించుకోమని సలహా మాత్రం ఇస్తుంది. మరి చేయించాలా వద్దా? చేయించాలి. వీఏ లోన్‌తో కొనేవాళ్ళే అందరికంటే ముందు చేయించాలి. ఎందుకో లెక్క చూడండి. ఇల్లు 3,50,000 డాలర్లు. డౌన్ పేమెంట్ సున్నా. వీఏ లోన్ మొదటిసారి వాడుకుంటున్నారు కాబట్టి ఫండింగ్ ఫీజు (వీఏకు ఒకసారి కట్టే రుసుము) 2.15 శాతం, అంటే 7,525. దాన్ని లోన్‌లోనే కలిపారు. తాళాలు చేతికొచ్చిన రోజున మీ అప్పు 3,57,525, ఇంటి విలువ 3,50,000. ఆరు నెలలకు ఫౌండేషన్ ఖర్చు మీద పడితే ఇంటి మీద ఇంకో అప్పు పుట్టదు, అమ్ముదామన్నా చేతి డబ్బు పెట్టి బయటపడాలి. 20 శాతం కట్టి కొన్నవాళ్ళకు ఉండే వెసులుబాటు మీకు లేదు. (సర్వీస్ వల్ల వచ్చిన వైకల్యానికి పరిహారం అందుకుంటున్న వాళ్ళకు ఫండింగ్ ఫీజు ఉండదు. అయినా పరిస్థితిలో పెద్ద తేడా రాదు.) మామూలు ఇన్‌స్పెక్షన్ చాలాచోట్ల 300 నుంచి 500 డాలర్లలో అయిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కుకి వస్తాను. గడువు దాటిన ఆ ఇద్దరూ ఒకే మాట రాశారు: "ఎస్కేప్ క్లాజ్ ఉంది కదా, ఏదైనా తేలితే అప్పుడు బయటికి రావచ్చు అనుకున్నాం." ఈ పొరపాటు నాకు ఎన్నిసార్లు ఎదురైందో చెప్పలేను, కొన్నిసార్లు ఏజెంట్ల నోటే విన్నాను. ఎస్కేప్ క్లాజ్ ధర గురించి మాత్రమే. ఒప్పుకున్న ధర కంటే వీఏ నిర్ణయించిన విలువ తక్కువైతే, ఎర్నెస్ట్ మనీ (ముందుగా ఇచ్చిన బయానా) పోగొట్టుకోకుండా మీరు తప్పుకోవచ్చు. అందులో ఉన్నది అంతే. నాలుగు సందర్భాలు చూడండి.

ఒప్పందం 3,50,000, నోటీస్ ఆఫ్ వేల్యూలో (వీఏ నిర్ణయించిన విలువ తెలిపే కాగితంలో) 3,38,000 వచ్చింది. తప్పుకోవచ్చు. ఇన్‌స్పెక్షన్ గడువు అప్పటికే అయిపోయినా తప్పుకోవచ్చు.

ఒప్పందం 3,50,000, విలువా సరిగ్గా 3,50,000. తర్వాత తెలిసిన ప్లంబర్‌ని పిలిస్తే మురుగు పైపు చెట్టు వేళ్ళతో పగిలిపోయిందన్నాడు. ఎస్కేప్ క్లాజ్ ఇక్కడ పనికిరాదు.

విలువ 3,60,000 వచ్చింది, ధర కంటే ఎక్కువ. అందరికీ సంబరం. రూఫ్ కారుతోంది. విలువ ఎక్కువొచ్చినందుకు మీకు కొత్త హక్కేమీ రాలేదు.

అప్రైజర్ పెయింట్ సరిచేయాలని రాశాడు, అమ్మేవాళ్ళు "మేం చేయించం" అన్నారు. ఇది లోన్ ఆమోదానికి సంబంధించిన షరతు. కాంట్రాక్టులో ఫైనాన్సింగ్ పేజీ వేరే ఉంటుంది, దాన్ని విడిగా చదవండి. ఎస్కేప్ క్లాజ్‌తో కలపకండి.

ఇంటి లోపాల కోసం మీకున్న దారి వేరు. దాని పేరు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సస్‌లో ఆప్షన్ పీరియడ్: కొంత ఫీజు ఇచ్చి కొన్ని రోజులు కొనుక్కుంటారు, ఆ రోజుల్లో ఏ కారణం చెప్పకుండానైనా తప్పుకోవచ్చు. నార్త్ కరోలినాలో, జార్జియాలో డ్యూ డిలిజెన్స్ అంటారు. నార్త్ కరోలినాలో ఆ ఫీజు నేరుగా అమ్మేవాళ్ళకు వెళ్తుంది, తప్పుకుంటే మామూలుగా తిరిగి రాదు. వర్జీనియాలో ఇన్‌స్పెక్షన్ కంటింజెన్సీ అనే షరతు కాంట్రాక్టులో విడిగా పెట్టించుకోవాలి. పేరేదైనా, గడువు చివరి రోజును క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో రాసుకోండి.

నేనైతే కాంట్రాక్ట్ సంతకమైన రోజే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేస్తాను, అప్రైజల్ కోసం ఆగను. ఇన్‌స్పెక్షన్‌లోనే ఇల్లు వద్దనుకుంటే అప్రైజల్ డబ్బులు మిగిలే అవకాశం ఉంటుంది. ఆ రెండు మూడు గంటలూ ఇన్‌స్పెక్టర్ వెనకే తిరుగుతాను. రిపోర్ట్‌లో నలభై పేజీలు చదివినా, "ఇది మీ ఇల్లైతే ముందు ఏం బాగుచేయిస్తారు?" అన్న ప్రశ్నకు ఆయన నిలబడి చెప్పే జవాబు అందులో దొరకదు. కాలిఫోర్నియాలో ఇన్‌స్పెక్టర్లకు రాష్ట్ర లైసెన్స్ లేదు, అక్కడ కొనేవాళ్ళు అనుభవం, పాత రిపోర్ట్ నమూనా అడిగి మరీ చూడాలి.

పాత ఇంటికైతే మురుగు పైపు కెమెరా తప్పనిసరి అంటాను. 1960ల నాటి మా మొదటి ఇంటికి అది చేయించలేదు. నాలుగో నెలలో పండగ పూట, ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు, మురుగునీళ్ళు స్నానాల టబ్బులోకి ఎగదన్నాయి. 6,800 డాలర్లయింది. ఆ ఇంటికి వీఏ అప్రైజల్ ఒక్క అభ్యంతరం లేకుండా వచ్చింది.

టెక్సస్‌లో కొనేవాళ్ళకు ఇంకొకటి. డాలస్ నుంచి శాన్ ఆంటోనియో వైపు సాగే నల్లమట్టి మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న ఇంటిని కదిలిస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు, పట్టేస్తున్న తలుపు కనబడితే ఇన్‌స్పెక్టర్‌తో ఆగకండి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి.

కొత్త ఇల్లయినా ఇన్‌స్పెక్షన్ కావాలి. వీలైతే డ్రైవాల్ (లోపలి గోడల పలకలు) వేయకముందు ఒకసారి, బిల్డర్ ఏడాది వారంటీ ముగిసేలోగా పదకొండో నెలలో ఇంకోసారి.

పోటీ ఎక్కువున్న చోట ఇన్‌స్పెక్షన్ వదులుకుంటేనే ఇల్లు దక్కుతుందని ఏజెంట్ అంటే, వదలకుండా గడువు తగ్గించండి. పదికి బదులు ఐదు రోజులు అడగండి. రిపేర్లు అడగను, నచ్చకపోతే తప్పుకుంటానంతే అని రాసివ్వండి. అమ్మేవాళ్ళకు అదీ కొంత భరోసానే.

కొన్ని భాషలు తెలిసిన విదేశీయులను అమెరికా సైన్యంలోకి తీసుకున్న మావ్నీ పథకంలో, ఆ భాషల జాబితాలో తెలుగు ఉండటం వల్ల 2009 నుంచి 2016 దాకా యూనిఫాం వేసుకున్న మనవాళ్ళు ఎందరో ఇప్పుడు ఇళ్ళు కొంటున్నారు. సర్వీస్ చేసి సంపాదించుకున్న హక్కు ఇది. నాలుగొందల డాలర్ల దగ్గర చేయి వెనక్కి తీసుకోకండి.

అభ్యాసం: ఇప్పుడు మీరుంటున్న అద్దె ఇంట్లోనే చేయండి. వీఏ లెండర్స్ హ్యాండ్‌బుక్ 12వ అధ్యాయం ఉచితంగా దొరుకుతుంది, మొత్తం చదవండి. కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి. ఎడమ పక్క అప్రైజర్ కంటికి కనబడేవి, కుడి పక్క ఇన్‌స్పెక్టర్ మాత్రమే పట్టుకోగలిగినవి. కుడి వరసలో కనీసం ముప్పై రావాలి. అన్ని కుళాయిలూ ఒకేసారి ఇరవై నిమిషాలు తిప్పి సింకుల కింద చేయి పెట్టి తడి చూడండి, అటిక్‌లోకి టార్చ్ వేసి చూడండి, ఏసీ నడుస్తుండగా గాలి వచ్చే ప్రతి చోటా చేయి పెట్టండి. కాంట్రాక్ట్ చేతిలో ఉన్నవాళ్ళు ముందు గడువు తేదీ లెక్కపెట్టి, ఆ తర్వాతే ఈ జాబితా మొదలుపెట్టండి. వడ్డీ లాక్ వచ్చే వారం.