ఇష్టాలు చెప్పుకోవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ‘బాగుంది’ తర్వాత ఏంటి?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? బాగా ఇష్టమైన పాటలు మూడు, సినిమాలు రెండు, పుస్తకం ఒకటి (పుస్తకాలు చదవకపోతే చిన్నప్పటి తెలుగు వాచకంలో గుర్తుండిపోయిన పాఠమైనా సరే అన్నాను) కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన ఎందుకిష్టమో ఒక్క వాక్యం రాయమన్నా కదా. ఆ కాగితం ఇప్పుడు తీయండి. సూపర్, కేక, ఎవర్‌గ్రీన్, అద్భుతం, ఫీల్ గుడ్, మనసుకి హత్తుకుంది... ఇలాంటి మాట కనపడ్డ ప్రతిచోటా పెన్సిల్‌తో కింద గీత పెట్టండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఆరు వాక్యాల్లో ఐదింటికి గీతలు పడ్డాయి, ఆరోదాంట్లో ‘మా నాన్నకి ఇష్టం కాబట్టి’ అని ఉంది. ఆ ఆరోదే కాస్త నయం, ఎందుకో కింద చెప్తా.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు. 1వ పాఠం పెళ్లిచూపుల్లో డాబా మీదికి పంపిస్తారే ఆ పది నిమిషాల గురించి, అక్కడ ‘మూవీస్ చూస్తానండి, మ్యూజిక్ వింటానండి’ అని చెప్పేసి ఇద్దరూ మెట్లు దిగి వచ్చేయడం గురించి. 2వ పాఠం ఎదుటివాళ్లు చెప్తుంటే మధ్యలో దూరకుండా వినడం గురించి. అవి చదవకపోయినా ఇది అర్థమవుతుంది, కంగారేం లేదు.

సరే, ఇవాళ్టి పని. మనవాళ్లకి ఇష్టాయిష్టాలు వివరంగా చెప్పడం రాదు అంటే నేను ఒప్పుకోను. ఎవర్నైనా పప్పుచారు ముందు కూర్చోబెట్టి చూడండి. ‘చింతపండు ఒక రెబ్బ ఎక్కువైంది, ఉప్పు సరిపోయింది, పోపు కొంచెం మాడినట్టుంది, ఇంగువ పడుంటే వేరేగా ఉండేది, అయినా మునక్కాయ ముక్కలు భలే ఉడికాయి’ అని రెండో ముద్దకే మొత్తం చెప్పేస్తారు. అదే మనిషిని చెయ్యి కడుక్కున్నాక నిన్న చూసిన సినిమా ఎలా ఉంది అని అడిగితే ‘బాగుంది’ అంటాడు, ఇంకాస్త గుచ్చితే ‘పర్లేదు, ఒకసారి చూడొచ్చు’ అంటాడు, అంతే. అభిరుచి అన్న మాటలోనే రుచి ఉంది, నాలుక మీద అంత పట్టింపు ఉన్నవాళ్లం చెవి దగ్గరికి, కన్ను దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూగబోతామో నాకిప్పటికీ వింతే. బహుశా అందరికంటే వేరేది చెప్తే నవ్వుతారేమోనని భయం అయ్యుంటుంది, పప్పుచారు విషయంలో ఆ భయం ఉండదు కదా, పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి అని సామెత కూడా ఉంది మన వెనకాల.

ముందు ఒక చిన్న మార్పు చేసుకోండి. ‘బాగుంది’ అన్న చోటల్లా ‘నాకు నచ్చింది’ అనండి. చూడ్డానికి రెండూ ఒకటే, అనేటప్పుడు తేడా తెలుస్తుంది. బాగుంది అంటే ఆ సినిమా గురించి తీర్పు ఇచ్చేశారు, ఎదుటివాడు ఇంక ఔనో కాదో అనాలి, కాదన్నాడా గొడవే. నచ్చింది అనాలంటే ‘నాకు’ అనేది పైకి అన్నా అనకపోయినా లోపల ఉండనే ఉంటుంది, అప్పుడు అవతలాయన ‘కాదు, నీకు నచ్చలేదు’ అనలేడు, ‘ఏం నచ్చింది?’ అని అడగడం ఒక్కటే మిగుల్తుంది. మనక్కావాల్సింది కూడా ఆ ప్రశ్నే. అలాగే బాగాలేదు అనే బదులు ‘నాకు ఎక్కలేదు’ అనండి, తెలుగులో ఇంత మర్యాదైన మాట ఉండగా మనం దాన్ని సరిగ్గా వాడుకోవట్లేదు.

ఇప్పుడు అసలు సంగతి, నేను దీన్ని ‘చోటు పట్టుకోవడం’ అంటాను. మొత్తం సినిమా ఎందుకిష్టమో చెప్పాలంటే ఎవరి వల్లా కాదు, నా వల్ల అసలే కాదు. ఒక్క చోటు పట్టుకోండి, అర నిమిషం చాలు.

అందరికీ తెలిసిందే తీసుకుందాం, మాయాబజార్. 1957లో వచ్చింది, కె.వి. రెడ్డి గారి సినిమా, మన పుట్టుకకి ముందుదైనా ఇంట్లో ఎవరో ఒకరు టీవీలో పెడితే నిలబడి చూసేస్తాం. దీని గురించి మామూలుగా చెప్పేదేంటి, ‘ఆల్ టైమ్ క్లాసిక్ అండి, సావిత్రి గారి నటన అద్భుతం’. ఇది విన్నవాళ్లు అవునవును అంటారు, టాపిక్ అక్కడితో చచ్చిపోతుంది. ఇప్పుడు చోటు పట్టుకుని చెప్దాం. ‘అహ నా పెళ్ళంట’ పాట ఉంది కదా, అక్కడ కనపడేది శశిరేఖే గానీ లోపలున్నది ఘటోత్కచుడు. పాట సుశీల గారి గొంతుతో సిగ్గుసిగ్గుగా నడుస్తూ ఉంటుంది, ఉన్నట్టుండి మధ్యలో ఘంటసాల గారి మగగొంతు బయటికొచ్చేస్తుంది, ఆ గొంతుతో పాటే సావిత్రి గారి నడక, భుజాలు, చూపు అన్నీ మగవాడివైపోతాయి, వెంటనే నాలిక్కరుచుకున్నట్టు మళ్లీ శశిరేఖ అయిపోతుంది. ‘ఆడవేషంలో ఉన్న మగవాడిగా ఒక ఆడమనిషి నటించడం, అదీ రంగారావు గారి లాంటి మనిషి తన లోపలున్నాడని మనల్ని నమ్మించడం, నాకు ఆ సర్దుకునే క్షణం ఇష్టం’ అని చెప్పారనుకోండి, విన్నవాళ్లు వందోసారైనా సరే ఆ పాట మళ్లీ పెట్టుకుంటారు, నేను గ్యారంటీ. గమనించారా, అద్భుతం అన్న మాట అసలు రాలేదు.

చోటు పట్టుకోవడం రావట్లేదు అంటే ఒక కిటుకు. సినిమా చూసిన మర్నాడు బ్రష్ చేసుకుంటుంటే ఏ బొమ్మ ముందు గుర్తొచ్చిందో అదే మీ చోటు. అది క్లైమాక్స్ కాకపోవచ్చు, పక్కపాత్ర చొక్కా గుండీ పెట్టుకోవడమే కావచ్చు, సిగ్గుపడకండి.

ఇప్పుడు ఆ ‘నాన్నకి ఇష్టం కాబట్టి’ సంగతికి వద్దాం. ఒక్కోసారి పాటలో చోటు ఏమీ ఉండదు, అది మన జీవితంలో ఉంటుంది. మా మావయ్యతో (అమ్మ తమ్ముడు) ఒకసారి కార్లో గుంటూరు నుంచి హైదరాబాద్ వస్తున్నాం, ఆయన ఫోన్‌లో బాలమురళీకృష్ణ గారు పాడిన తత్త్వాలు పెట్టాడు. నాకు నిద్ర ముంచుకొస్తోంది, నడిపేది నేను.

‘మావయ్యా, బోర్ కొడుతోంది, మారుద్దామా?’ అన్నా.

‘మార్చరా నాకేం, కానీ ఒక్క మాట విను. మా చిన్నప్పుడు విజయవాడ రేడియోలో పొద్దున్నే భక్తిరంజని వచ్చేది. అది మొదలయ్యేసరికి మీ అమ్మమ్మ వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గేసి లోపలికొచ్చి కుంపటి ముందు కూర్చునేది. పాటలు అయిపోయేలోపు బొగ్గులు రాజుకోకపోతే ఆ పూట నాకు కాఫీ ఉండదు, బడికి వెళ్లిపోవాల్సిందే. కాబట్టి నేనెప్పుడూ పాట వినలా, విసనకర్ర చప్పుడే వినేవాణ్ణి. ఇప్పుడీ పాట అయిపోవస్తుంటే బొగ్గులు రాజుకోలేదేమో అనిపిస్తదిరా.’

నేను పాట మార్చలేదు. సూర్యాపేట దాటేదాకా అవే నడిచాయి. విజయవాడ రేడియో స్టేషన్ 1948లో పెట్టారు, ఎన్ని వేల ఇళ్లలో ఎన్ని కుంపట్లు ఆ పాటల మధ్య రాజుకున్నాయో అని ఆలోచిస్తూ నడిపా. ఇందులో మావయ్య రాగం పేరు చెప్పలేదు, బాలమురళీకృష్ణ గారి గాత్రం గురించి ఒక్క ముక్క కూడా అన్లేదు, అయినా నాకు మావయ్య ఇష్టం పూర్తిగా అర్థమైంది. నా కాగితంలో ‘మా నాన్నకి ఇష్టం’ అని ఉన్నచోట విసనకర్ర లాంటిది ఏదో రావాలి. రాసుకున్నా తర్వాత, అది మాత్రం ఇక్కడ చెప్పను.

ఒక జాగ్రత్త. జ్ఞాపకం రుచి మరిగితే ప్రతి పాటా చిలక్కొయ్య అయిపోతుంది, దానికి మన చొక్కా తగిలించడమే పని. నాకు తెలిసిన ఒకాయన ఏ సినిమా పేరెత్తినా అది చూసిన థియేటరూ, క్యూలో ఎంతసేపు నిలబడ్డాడూ, ఇంటర్వెల్‌లో తిన్న సమోసా చెప్తాడు, సినిమాలో ఏముందో ఇంతవరకు చెప్పలా. నాలుగుసార్లు చోటు చెప్తే ఒకసారి జ్ఞాపకం చెప్పండి, ఆ పాళ్లు చాలు.

పుస్తకాలకి వేరే పద్ధతేం లేదు. కాకపోతే పుస్తకం అనగానే మనకి ఎక్కడలేని పెద్దరికం వచ్చేస్తుంది, ‘శైలి’, ‘సామాజిక స్పృహ’, ‘శిల్పం’ అని మొదలెడతాం, పరీక్ష పేపర్ దిద్దుతున్నట్టు. ఆ రోగం వస్తే 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానం తీసి శ్రీశ్రీ గారి కవితల కంటే ముందు చలం గారు రాసిన యోగ్యతాపత్రం చదవండి. కవిత్వాన్ని తూచే రాళ్లు తన దగ్గర లేవని చలం గారంటే, తూచొద్దు, అనుభవించి పలవరించమని శ్రీశ్రీ గారు అన్నారట, ఆ ముచ్చట అందులోనే ఉంటుంది. పేరేమో యోగ్యతాపత్రం, లోపల మార్కులేయడం ఎక్కడా కనపడదు, ఒక మనిషికి ఇంకో మనిషి రాతంటే ఎంత పిచ్చో కనపడుతుంది. మనం చలం గారిలా రాయలేం, అది వేరే విషయం, కానీ పలవరించడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇంక లైఫ్ గురించి. ‘మీ ఫిలాసఫీ ఏంటి?’ అని అడిగితే ఎవరైనా స్టేటస్‌లో పెట్టుకునే లైను ఒకటి చెప్తారు, దాంతో ఒరిగేదేం లేదు. పాత్రల గురించి అడగండి, మనిషి దానంతటదే బయటికొస్తుంది. కన్యాశుల్కం చదివినవాళ్లని గిరీశం గురించి అడక్కండి, అందరూ నవ్వేసి ఒకటే చెప్తారు. మధురవాణి, సౌజన్యారావు పంతులు, ఈ ఇద్దర్లో ఎవరి పక్కన కూర్చుంటావ్ అని అడగండి. ఆయన మచ్చలేని మనిషి, వేశ్య అంటే ఆమడ దూరం. ఆవిడ వేశ్య, వేషాలేస్తుంది, అబద్ధాలాడుతుంది, ఆ నాటకంలో చిక్కుముళ్లు విప్పడంలో మాత్రం ఆవిడదే పెద్ద చెయ్యి. చివర్లో తను చేసిన సాయానికి ఆయన దగ్గర ముద్దు అడుగుతుంది, ఆయన మాటకి కట్టుబడి సిద్ధమయ్యేసరికి, చెడనివాళ్లని చెడగొట్టొద్దని మా అమ్మ చెప్పింది అని తనే వద్దంటుంది. నేనీ ప్రశ్న ఇద్దరు ఫ్రెండ్స్‌ని అడిగా. ఒకడు ‘పంతులు గారేరా, మాటంటే మాట’ అన్నాడు. ఇంకొకామె చాలాసేపు ఆలోచించి ‘మధురవాణి, కానీ ఆ ముద్దు పెట్టించుకుని ఉంటే ఇంకా ఇష్టపడేదాన్ని’ అంది. పదేళ్ల స్నేహంలో వాళ్ల గురించి తెలియంది నాకు ఆ సాయంత్రం తెలిసింది.

నచ్చనివాళ్లతో ఎలా మాట్లాడాలి అనేది పెద్ద సబ్జెక్టు, పూర్తిగా 4వ పాఠంలో చూద్దాం, ఇప్పటికి ఒక్క మచ్చు. మీకు నచ్చిన సినిమాని పక్క సీటు కొలీగ్ తీసిపారేశాడు.

‘అదేం సినిమా బ్రో, ఫుల్ లాగ్.’

‘నీకెక్కడ లాగ్ అనిపించింది?’

‘సెకండాఫ్‌లో వాడు ఊరెళ్తాడు కదా, బస్సు దిగి ఇంటికెళ్లకుండా టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు, కూర్చునే ఉంటాడు.’

‘నాకు అక్కడే నచ్చింది బ్రో. ఇంట్లో ఏం మొహం పెట్టుకుని చెప్పాలో తెలీక కూర్చున్నాడు. రెండో టీ కూడా చెప్తాడు చూడు.’

‘రెండో టీనా? నేను చూళ్లా.’

చూశారా, మీరు సినిమాని వెనకేసుకురాలేదు, చోటు అడిగారు అంతే. ఇద్దరూ ఒకే చోట ఆగారని తేలింది. ఒకరికి విసుగు, ఒకరికి ఇష్టం. ఇదెంత తరచుగా జరుగుతుందో మీకే తెలుస్తుంది.

ఈ వారం పని: అదే కాగితం, అవే ఆరు పేర్లు. గీతలు పడ్డ వాక్యాలు కొట్టేసి ఒక్కోదానికి ఒక చోటు రాయండి, ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, మీకు అప్పుడు ఏమైంది, మూడు నాలుగు లైన్లకి మించొద్దు. ఆరింట్లో ఒక్కదానికి మాత్రం జ్ఞాపకం రాసుకోవచ్చు, ఆ కోటా దాటొద్దు. తర్వాత అందులోంచి ఒకటి ఎంచుకుని ఇంట్లో మీ కంటే కనీసం ఇరవై ఏళ్లు పెద్దవాళ్లకి గానీ చిన్నవాళ్లకి గానీ నోటితో చెప్పండి, చదివి వినిపించొద్దు. వాళ్లు తిరిగి ఏదైనా చెప్తే అది కాగితం వెనకాల రాసుకోండి, 4వ పాఠానికి ఆ వెనక పేజీయే కావాలి.