బావి ఈత వీడియో ఆకుపచ్చగా వస్తోందా?

ఎండాకాలం వచ్చిందంటే హన్మకొండలోని మా ఎడిటింగ్ రూముకు పెళ్లి వీడియోలతో పాటు బావి ఈత వీడియోలు కూడా మొదలవుతాయి. హసన్‌పర్తి, వర్ధన్నపేట వైపు వ్యవసాయ బావుల్లో గోప్రో కెమెరా పట్టుకుని దూకినవాళ్లు తెస్తారు. "అన్నా, జర కలర్ సెట్ చెయ్యవా" అంటారు. సగంమంది అప్పటికే యూట్యూబ్ చూసి ఏదో చేసి ఉంటారు. ఆ పాఠాలు ఎక్కువగా నీలి సముద్రానివి. మన బావిది ఆకుపచ్చ నీరు, దాని లెక్క వేరు.

టెంపరేచర్ ఎంత పెంచినా ఆకుపచ్చ పోవట్లేదు

కారణం: నీళ్లు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తాయి. బావిలోనైతే నాచు, కుళ్లిన ఆకులు కలిసి నీలాన్ని కూడా తినేస్తాయి. ఇక మిగిలేది ఆకుపచ్చే. టెంపరేచర్ స్లైడర్ నీలానికీ నారింజకూ మధ్యే తిరుగుతుంది, ఆకుపచ్చ జోలికి పోదు.

పరిష్కారం: ముందు టింట్‌ను (ఆకుపచ్చకూ మెజెంటాకూ మధ్య తిరిగే స్లైడర్) మెజెంటా, అంటే గులాబీ-ఊదా వైపు జరపండి. తర్వాత పరేడ్ స్కోప్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి ఎంతుందో చూపే గ్రాఫ్) తెరిచి ఎరుపు ఎక్కడుందో చూడండి. కాస్త ఎత్తులో ఉంటే రెడ్ గెయిన్ (ఉన్న ఎరుపును పెంచే కంట్రోల్) సరిపోతుంది. అడుగున గీతలా పడి ఉంటే గెయిన్ ముట్టుకోకండి, లేనిదాన్ని పెంచితే చుక్కలే వస్తాయి. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌జీబీ మిక్సర్ (ఒక రంగును ఇంకో రంగులో కలిపే టూల్) తీసి, రెడ్ అవుట్‌పుట్ కింద గ్రీన్‌ను 0 నుంచి మెల్లగా పెంచండి. నేను 0.3 దగ్గర ఆగి చూస్తాను. ఆకుపచ్చ దగ్గర అప్పు తెచ్చి ఎరుపుకు ఇస్తున్నామన్నమాట. నీలం కూడా పడిపోయి ఉంటే బ్లూ అవుట్‌పుట్‌కూ కొంచెం ఇవ్వండి.

అప్పుతో ముఖంలో కళ వస్తుంది కానీ పోయిన రంగు రాదు. "నా ఎర్ర టవల్ నల్లగా ఎందుకుంది" అని ఒకాయన రెండు రోజులు తిరిగాడు. చివరికి ఆ టవల్‌కు మాస్క్ కట్టి (చుట్టూ గిరి గీసి), అది కదిలిన చోటికల్లా గిరి పోయేలా ట్రాక్ చేసి, చేత్తో రంగు వేసి ఇచ్చాను.

ఎరుపు పెంచగానే చీమలు పాకినట్టుంది

పైన వద్దన్న గెయిన్ పెంచడం వల్లే ఇది. వెనక్కి తగ్గించి మిక్సర్‌తో చేయండి. మిగిలిన చుక్కలకు నాయిస్ రిడక్షన్ కావాలి, రిజాల్వ్‌లో అది డబ్బు కట్టిన వెర్షన్‌లోనే ఉంటుంది.

ముఖాలు వంకాయ రంగులోకి తిరిగాయి

మెజెంటా ఎక్కువైంది. వెక్టర్‌స్కోప్‌లో (రంగు ఎటు ఒరిగిందో చూపే గుండ్రటి గ్రాఫ్) ముఖం రంగు స్కిన్ టోన్ గీత దగ్గరికి వచ్చేదాకా తగ్గించండి. తల నీళ్లపైకి వచ్చిన చోట మాత్రమే ఇలా ఉంటే అక్కడ క్లిప్ కోసి, నీళ్లపైన ఉన్న ముక్కకు గ్రేడ్ (వేసిన రంగు సవరణ) తీసేయండి.

ఒకే షాట్‌లో రంగు మారుతూ పోతోంది

ఆటో వైట్ బ్యాలెన్స్ పని ఇది. లోతుకు పోతున్న కొద్దీ కెమెరా తనకు తోచినట్టు సర్దుకుంటుంది. ఇప్పటికైతే కీఫ్రేములే (షాట్ మధ్యలో అక్కడక్కడ సెట్టింగ్ మార్చే గుర్తులు) దిక్కు. ఈసారి ఆటో తీసేసి దూకండి.

మసకగా, పాలు కలిపినట్టుంది

దీనికి ఎడిటింగ్‌లో పెద్దగా మందు లేదు. బ్లాక్స్ (నల్లటి భాగాల వెలుగు) కొంచెం దించితే కాస్త తేట పడుతుంది, అంతే. వెలుతురు పైనుంచి మనిషి దాకా, అక్కడి నుంచి కెమెరా దాకా నీళ్లలోనే రావాలి. 2 మీటర్ల లోతులో ఉన్నవాణ్ణి 3 మీటర్ల దూరం నుంచి తీస్తే 5 మీటర్ల నీళ్లు దాటినట్టే. చేయి చాపితే అందేంత దగ్గర నుంచి తీయండి, అదీ మిట్ట మధ్యాహ్నం, పిల్లలు దూకకముందే. నలుగురు దూకి అడుగు బురద లేచిందంటే ఆ పూటకు షూటింగ్ అయిపోయినట్టే.