చేప కోయడం నేర్చుకోవాలంటే జూన్‌లో ఊళ్లోనే ఉండండి

అలాస్కా పల్లెల్లో టీచర్ ఉద్యోగం వచ్చింది, ఏమేం తెచ్చుకోవాలి అని ఈ మధ్య ముగ్గురు నలుగురు అడిగారు. నేను కుస్కోక్విమ్ నది ఒడ్డున అలాస్కా ఆదివాసులైన యూపిక్‌ల ఊళ్లో మూడేళ్లు లెక్కలు చెప్పాను. ఊరి పేరు రాయను. అంతా కలిపి మూడొందల మంది, పేరు రాస్తే ఎవరి గురించి చెబుతున్నానో ఇట్టే తెలిసిపోతుంది.

సామాను సంగతి ముందు తేల్చేద్దాం. అలాస్కాలోని పెద్ద నగరం యాంకరేజ్ నుంచి ఆ నది ఒడ్డునే ఉన్న బెతెల్ పట్నానికి సుమారు 400 మైళ్లు, విమానం తప్ప రోడ్డు లేదు. అక్కణ్ణుంచి ఊరికి బుల్లి విమానం. టికెట్ ఇచ్చేటప్పుడు మీ ఒంటి బరువు అడుగుతారు, సిగ్గుపడకుండా నిజం చెప్పండి. బియ్యం, కందిపప్పు, చింతపండు యాంకరేజ్ పోస్టాఫీసులో ఫ్లాట్ రేట్ పెట్టెల్లో కుక్కి మీ పేరుకే పోస్ట్ చేసుకోండి. 70 పౌండ్ల దాకా లోపల ఎంత బరువున్నా ఒకటే రేటు. చలికాలంలో ఉల్లిపాయలు మాత్రం పంపించుకోకండి, గడ్డకట్టి వస్తాయి.

ఇక క్లాసు. మొదటి వారం ఒక పిల్లాణ్ణి "అర్థమైందా?" అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నోరు మెదపకుండా కనుబొమలు ఎగరేశాడు. మన దగ్గర కనుబొమలు ఎగరేస్తే "ఏంటి సంగతి?" అని కదా, వీడికెంత పొగరు అనుకున్నాను. అక్కడ దానర్థం "అవును". ముక్కు చిట్లిస్తే "కాదు". వాడు మూడుసార్లూ మర్యాదగానే జవాబు చెప్పాడన్నమాట. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టుకోండి. మనలా మాట మీద మాట వెయ్యరు వాళ్లు.

అసలు చెప్పాల్సింది ఇప్పుడు. మే నెలలో నది మీద మంచు పగిలి కొట్టుకుపోతుంది, నెలాఖరుకి టీచర్లు కూడా వెళ్లిపోతారు. మొదటి రెండేళ్లు నేనూ వెళ్లిపోయాను. మూడో ఏడు టికెట్ డబ్బుల్లేక ఉండిపోయాను, అంతే! ఆ జూన్‌లో ఎదురైన పలకరింపులు అంతకుముందు రెండేళ్లలో ఎరగను.

జూన్‌లో సముద్రం నుంచి నదిలోకి కింగ్ సాల్మన్ ఎదురెక్కుతుంది. నాది నరసాపురం వైపు. పుస్తెలమ్మైనా పులస తినాలనే ఊళ్లలో పెరిగినదాన్ని, గోదారికి పులస ఎదురీదినట్టు ఇక్కడ ఈ చేప అని వెంటనే అర్థమైంది. వల మాత్రం మీరు వెయ్యకండి. కింగ్ సాల్మన్ బాగా తగ్గిపోయింది. ఏ రోజు, ఎన్ని గంటలు, ఎలాంటి వల వెయ్యాలో అధికారులు ప్రకటిస్తారు, దాని మీద ఊళ్లో బోలెడు టెన్షన్. మీ పని ఒడ్డున.

కోసే కత్తిని ఉలువక్ అంటారు. అర్ధచంద్రాకారం, పైన పిడి. మన కత్తిపీట దగ్గర చేపను కదుపుతాం, ఇక్కడ చేప కదలదు, చెయ్యి ఊగుతుంది. నాకు నేర్పిన మామ్మగారు నోటితో ఒక్క ముక్క వివరించలేదు. పక్కన నిలబెట్టి ఆవిడ నాలుగు చేపలు కోసి, అయిదోది నా ముందుకు తోసింది. కాబట్టి అడక్కండి, చూడండి.

ముందు జిగురు పోయేలా కడగాలి. తల తీసి, పొట్ట చీల్చి, గుడ్లు విడిగా పెట్టాలి. తర్వాత వెన్నెముకకు ఆనించి కత్తిని తోక దాకా జార్చాలి, రెండో వైపూ అంతే. ముల్లు బయటికి వచ్చేయాలి, తోక దగ్గర మాత్రం రెండు ముక్కలూ అతుక్కునే ఉండాలి. తోక తెగిందో, దండెం మీద వెయ్యడానికి ఏమీ మిగలదు. ఆ తర్వాత కండ మీద వేలెడంత ఎడంతో అడ్డంగా గాట్లు పెట్టాలి. గాటు తోలు దాకా దిగాలి, తోలు తెగకూడదు. నేను మొదటి చేపకు తోక తెంపాను, రెండోదానికి తోలు. మామ్మగారు పగలబడి నవ్వింది. వాటిని పారెయ్యకుండా దండెం చివర వేరే కట్టి, ఒడ్డుకు వచ్చిన ప్రతివాళ్లకూ "ఇవి టీచర్‌వి" అని చూపించింది. ఉడుక్కోకండి. ఊళ్లో నా గురించి జోకులు మొదలైంది అప్పుడే, పిల్లల తల్లులు పలకరించడం మొదలైందీ అప్పుడే.

మన ఎండుచేపకు ఉప్పూ ఎండా. దీనికి గాలీ పొగా. ఎండ ఎక్కువైతే కండ మెత్తబడి జారిపోతుంది, అందుకే దండేనికి పైన కప్పు ఉంటుంది. కండ బయటికి, తోలు లోపలికి ఉండేలా వేలాడదీయాలి. పైన పలచగా మెరుపు పొర కట్టేదాకా ఈగలతోనే యుద్ధం. పొర కట్టాక పొగ గుడిసెలోకి మార్చాలి. కింద కాటన్‌వుడ్ కట్టె మంట లేకుండా రాజుకుంటూ ఉండాలి. స్ప్రూస్ కట్టె వెయ్యకండి, జిగురుంటుంది, చేప చేదెక్కుతుంది. ఎన్ని రోజులంటే వానను బట్టి. మామ్మగారు ముక్క వంచి చూసి చెప్పేది.

మొదట ఎండిన చేపలు ముసలివాళ్ల ఇళ్లకు వెళ్తాయి. బకెట్ పట్టుకుని మోసే పని మీది. మీకూ ఇస్తారు. "కుయానా" (థాంక్స్) అని తీసుకోండి, వద్దు వద్దని మన మొహమాటాలు పోకండి. డబ్బు అసలే తియ్యకండి. నేను డబ్బా తిరిగి ఇచ్చేటప్పుడు అందులో పులిహోర పెట్టాను. మన ఇళ్లలో ఖాళీ గిన్నె తిరిగివ్వం కదా. మిరపకాయలు ఏరేసి తిన్నారు.

మీ వాటా జిప్‌లాక్‌లో వేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. చింతపండు పులుసు మాత్రం పెట్టకండి. నేను పెట్టాను, వంకాయ కూడా వేశాను, ఇల్లంతా కాలిన కట్టె వాసన తప్ప పులుసు ఎక్కడా తగల్లేదు. ముక్క చీల్చి సీల్ (సముద్ర జంతువు) కొవ్వు నూనెలో అద్దుకుని తినండి. నూనె వాసనకు మొదటిసారి ముక్కు చిట్లిస్తారేమో, అక్కడ దాని అర్థం గుర్తుంది కదా, ఎదురుగా మామ్మగారు ఉంటే చిట్లించకండి.