సిగరెట్ మానేందుకు మొదటి వేప్ (ఈ-సిగరెట్) కొంటున్నారా?
యూకేలో ఉంటూ సిగరెట్ మానలేక అవస్థ పడుతున్న మనవాళ్లకే ఇది, అసలు అలవాటు లేనివాళ్లు దీని జోలికే పోవద్దు. షాపులో పొగ గుప్పుమని కొట్టే పెద్ద మోడళ్లు చూపిస్తారు, అవి మనకెందుకు? పాడ్ (నికోటిన్ ద్రవం ఉండే చిన్న డబ్బీ) మార్చుకునే లేదా ద్రవం నింపుకునే చిన్న పాడ్ కిట్ చాలు. కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట) నిరోధం 1 ఓమ్ పైన ఉంటే పీల్చడం సిగరెట్ లాగే బిగువుగా ఉంటుంది, పొగ తక్కువ. వాడి పారేసేవి 2025 జూన్ 1 నుంచి అక్కడ నిషేధం, ఎవరైనా అమ్మజూపితే ఆ సరుకు నమ్మకండి.

అసలు తేడా కొట్టేది నికోటిన్ దగ్గర. రోజుకో పెట్టె తాగేవాళ్లు భయపడి మిల్లీలీటరుకు 3 ఎంజీ ద్రవం తీసుకుంటే తృప్తి ఉండదు, సాయంత్రానికి మళ్లీ సిగరెట్టే వెలిగిస్తారు; 18-20 ఎంజీ నికోటిన్ సాల్ట్‌తో (గొంతుకు మెత్తగా తగిలే నికోటిన్ రకం) మొదలుపెట్టి మెల్లగా తగ్గించుకోవడం నయం (చట్టప్రకారం మిల్లీలీటరుకు 20 ఎంజీ మించకూడదు). తల తిరిగినా వికారం వచ్చినా ఎక్కువైనట్టే, ఆపేయండి.

కొత్త పాడ్ నింపాక ఒక పది నిమిషాలు అలా పక్కన పెట్టండి, లోపలి దూది తడవకుండా పీలిస్తే మాడు వాసన కొట్టి ఆ పాడ్ ఇక చెత్తబుట్టకే.

ఇండియాకి వచ్చేటప్పుడు మాత్రం వెంట తేవద్దు, 2019 చట్టం ప్రకారం ఇక్కడ ఈ-సిగరెట్ల దిగుమతి, అమ్మకం రెండూ నేరమే.