పక్క కమానుతో కలిసి నడవడం: విశ్వవిద్యాలయ తంత్రీవాద్యోత్సవానికి పిల్లలను సిద్ధం చేసే విధానం

చెన్నైలోని తెలుగు కుటుంబాలలో వయొలిన్ నేర్చుకునే పిల్లలు ఎక్కువమంది గురువుగారి ఎదుట చాప మీద ఒంటరిగా కూర్చుని నేర్చుకున్నవారే. గురువు ఒక సంగతి వాయించగా విని శిష్యుడు దానినే తిరిగి వాయించడం, తప్పిన చోట గురువు ఆపి సరిదిద్దడం మన బోధన పద్ధతి. దానివల్ల చెవి పదునెక్కుతుంది, జ్ఞాపకం బలపడుతుంది. అయితే ఈ పద్ధతిలో ఆరేడేళ్లు శ్రద్ధగా సాధన చేసిన పిల్లలు కూడా, విశ్వవిద్యాలయ సంగీత శాఖలు ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం జరిపే తంత్రీవాద్యోత్సవానికి వెళ్లినప్పుడు, మొదటి గంటలోనే తడబడడం నేను చూశాను. వారికి విద్య చాలక కాదు, పక్కవారితో కలిసి వాయించే పనిని అంతకుముందు వారికి ఎవరూ అప్పగించకపోవడం వల్ల. ఆ ఒక్క లోటును ఇంటి దగ్గరే, ముందుగానే ఎలా పూడ్చుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ ఉత్సవం తీరు ముందుగా తెలుసుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాలలో బాగా స్థిరపడిన పద్ధతి ప్రకారం ఉదయం పేర్ల నమోదు, శ్రుతి సరిచూడడం, ఆ తరువాత మొదటి వయొలిన్లు, రెండవ వయొలిన్లు, వయొలిన్ కుటుంబంలోనే పెద్దవైన వయోలాలు, చెల్లోలు, డబుల్ బేస్‌లు వేర్వేరు గదులలో విభాగాలుగా సాధన చేయడం, నడుమ ఆచార్యులు ఒకరిద్దరు విద్యార్థుల చేత అందరి ఎదుట వాయింపించి సరిదిద్దే మాస్టర్ క్లాస్, మధ్యాహ్నం అందరూ కండక్టర్ (చేతి సైగలతో బృందాన్ని నడిపేవారు) ఎదుట కలిసి సాధన, సాయంత్రం కచేరీ ఉంటాయి. కొన్నిచోట్ల ఎవరు ఏ వరుసలో కూర్చోవాలో నిర్ణయించడానికి చిన్న ఆడిషన్ కూడా పెడతారు. ఇది ప్రధానంగా పోటీ కాదని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. బహుమతి కోసం వచ్చిన పిల్లవాడు తన వయొలిన్ పదిమందికీ వినిపించాలని కమానును గట్టిగా అదుముతాడు, వాద్యబృందంలో అంతకు మించిన దోషం లేదు.

మనవాళ్లకు బృందవాదనం కొత్త విషయమేమీ కాదు. వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, ఆ తరువాత ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందాన్ని నడిపారు. 1893లో బెంగళూరులో పుట్టి విజయనగరం సంగీత కళాశాలకు పేరు తెచ్చిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారు పాశ్చాత్య కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, కర్ణాటక సంగీతానికి అనువుగా మలచుకున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ 1932లోనే ఏర్పడింది. కాబట్టి బిడ్డను ఇటువంటి ఉత్సవానికి పంపితే సంప్రదాయం చెడిపోతుందేమోనని వెనుకాడే తల్లిదండ్రులు ఆ భయం పెట్టుకోనవసరం లేదు.

ఆహ్వానం అందగానే నిర్వాహకులను మూడు విషయాలు అడిగి రాసుకోండి. శ్రుతి ఏది, స్వరలిపి అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో ఉంటుందా లేక సరిగమలలోనా, కూర్చునేది కుర్చీలోనా లేక నేల మీదనా. మిగిలిన ఏర్పాట్లన్నీ ఈ మూడు జవాబులను బట్టే ఉంటాయి.

వీటిలో అందరూ తేలికగా తీసుకునేది శ్రుతి, చివరకు ఎక్కువ నష్టం చేసేదీ అదే. పాశ్చాత్య వాద్యబృందంలో వయొలిన్ నాలుగు తీగలను కింది నుంచి పైకి జి, డి, ఎ, ఇ స్వరాలకు బిగిస్తారు, అందులో ఎ తీగ సాధారణంగా సెకనుకు 440 కంపనాల దగ్గర ఉంటుంది. మన పద్ధతిలో అవే నాలుగు తీగలు స, ప, స, ప. పిల్ల అయిదు శ్రుతిలో పాడేవారి పక్కన వాయిస్తున్నదనుకుంటే షడ్జమం జి అవుతుంది కనుక ఆమె తీగలు జి, డి, జి, డి అవుతాయి. అంటే కింది రెండు తీగలను ముట్టుకోనక్కరలేదు, పై రెండింటిని ఒక్కొక్క పూర్తి స్వరం, అంటే రెండేసి స్వరస్థానాల ఎత్తు పెంచితే చాలు. కానీ రెండున్నర శ్రుతిలో, అంటే డి షార్ప్ షడ్జమంగా సాధన చేసే అబ్బాయి సంగతి వేరు. అతని కింది రెండు తీగలు నాలుగేసి స్వరస్థానాలు, పై రెండు తీగలు ఆరేసి స్వరస్థానాలు పెరగాలి. నెలల తరబడి ఒక బిగువుకు అలవాటుపడిన పాత తీగను ఉత్సవం నాటి ఉదయం అంత ఎత్తుకు లాగితే అది తెగడం దాదాపు ఖాయం. పై తీగ తెగినప్పుడు ఒక్కొక్కసారి ముఖానికి తగులుతుంది కూడా.

అందువల్ల రెండు వారాల ముందే కొత్త తీగల జత కొనండి. అన్నా సాలైలో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ వంటి దుకాణంలో మీ వయొలిన్ కొలతకు, పాశ్చాత్య శ్రుతికి సరిపోయేవి కావాలని అడిగితే ఇస్తారు. నాలుగు తీగలనూ ఒకేసారి విప్పకూడదు. ఒకటి విప్పి, దాని స్థానంలో కొత్తది బిగించిన తరువాతే రెండవదానిని విప్పాలి, లేకపోతే లోపల పైపలకకూ కింది పలకకూ నడుమ నిలబడి ఉండే సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర పడిపోవచ్చు, దానిని నిలబెట్టడానికి మరమ్మతు తెలిసినవారి దగ్గరకు పోవలసిందే. బిగించేటప్పుడు తీగల లాగుడికి బ్రిడ్జి (తీగలను మోసే పలుచని చెక్క) పైభాగం బిరడల (తీగలను బిగించే మరల) వైపు వాలుతూ ఉంటుంది. ప్రతి తీగ తరువాతా వయొలిన్‌ను పక్క నుంచి చూసి, రెండు చేతుల వేళ్లతో బ్రిడ్జిని మెల్లగా నిటారుగా సర్దాలి. కొత్త తీగలు మొదటి నాలుగైదు రోజులు సాగి శ్రుతి దిగుతూనే ఉంటాయి, రోజూ సరిచేస్తూ ఉంటే వారానికి స్థిరపడతాయి.

చెన్నై గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సముద్రపు తేమకు బిరడలు ఉబ్బి బిగుసుకుపోతాయి, అదే వాద్యాన్ని ఏసీ హాలులోకి తీసుకుపోతే తేమ తగ్గి బిరడలు జారిపోతాయి. నా శిష్యురాలు ఒకమ్మాయి వాకిట్లో చక్కగా శ్రుతి చేసుకుని లోపలికి వెళ్లి కూర్చున్న పది నిమిషాలకు పై తీగ సర్రున జారిపోయింది, కండక్టర్ చేయి ఎత్తిన క్షణంలో ఆమె బిరడతో పెనుగులాడుతూ ఉంది. అప్పటి నుంచి నేను పిల్లలందరికీ వాద్యాన్ని పెట్టెలో నుంచి తీసి హాలు లోపల కనీసం అరగంట ఉంచిన తరువాతే చివరిసారి శ్రుతి చూసుకోవాలని చెబుతున్నాను. బిరడ జారుతుంటే తిప్పేటప్పుడు లోపలికి కొంచెం అదిమి తిప్పాలి, దుకాణాలలో దొరికే బిరడల పేస్టును ముందే కాస్త రాసి ఉంచితే ఇంకా మంచిది.

ఇక కమాను. స్వరలిపి కాగితం అందిన రోజునే మెత్తని పెన్సిల్ తీసుకుని కూర్చోండి. కమాను కిందికి లాగవలసిన చోట కింది వైపు తెరచిన చిన్న చతురస్రపు గుర్తు, పైకి తోయవలసిన చోట ఆంగ్ల ‘వి’ ఆకారపు గుర్తు ఉంటాయి. ఒక విభాగంలో పన్నెండుమంది ఉంటే పన్నెండు కమానులూ ఒకే దిశలో కదలాలి. ఇది చూసేవారి కంటికి ఇంపు కోసం మాత్రమే కాదు. కమాను మొదలు దగ్గర చేతి బరువు ఎక్కువ, కొన దగ్గర తక్కువ కనుక దిశ మారితే నాదం బలం కూడా మారిపోతుంది. మన పిల్లలు కృతి వాయించేటప్పుడు ఊపిరి ఆడినట్టు తమకు తోచిన చోట కమాను తిప్పుకుంటారు, అది ఒంటరి కచేరీకి అందమే అయినా ఇక్కడ కుదరదు. కాబట్టి ముందు కమాను ముట్టకుండా స్వరాలను పాడుతూ కుడి చేతిని గాలిలో కిందికీ పైకీ ఆడించమనండి. చేతికి దిశ పట్టుబడిన తరువాతే వాద్యం చేతికివ్వండి. ఇంట్లో అక్కో, తమ్ముడో, పక్క వీధి స్నేహితుడో వయొలిన్ నేర్చుకుంటూ ఉంటే వారానికి రెండు సాయంత్రాలు ఇద్దరినీ స్వరలిపి కాగితం పెట్టే ఒకే స్టాండు ముందు కూర్చోబెట్టండి. పక్కవారి నాదం వినిపించనంత గట్టిగా తాను వాయిస్తున్నట్టు తోస్తే వెంటనే తగ్గించుకోవాలి, ఈ ఒక్క కొలత చాలు.

ఒక స్టాండుకు ఇద్దరు కూర్చున్నప్పుడు శ్రోతల వైపు ఉన్నవారు ఆపకుండా వాయిస్తారు, లోపలి వైపు ఉన్నవారు పేజీ తిప్పుతారు, కండక్టర్ చెప్పిన మార్పులను పెన్సిల్‌తో గుర్తు పెడతారు. లోపలి స్థానం దొరికితే చిన్నబుచ్చుకోవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. పేజీ సరైన క్షణంలో తిరగకపోతే ఆ స్టాండు మొత్తం ఆగిపోతుంది.

మన పిల్లలు ఇతరుల కంటే ముందుండగలిగే చోటు విరామాల లెక్క. స్టాఫ్ నొటేషన్‌లో కొన్నిసార్లు పదహారు బార్లు (నిలువు గీతలతో విడదీసిన తాళ భాగాలు) ఏమీ వాయించకుండా ఉండాలని రాసి ఉంటుంది, చాలామంది ఆ మౌనంలో దారి తప్పి తరువాత తప్పు చోట ప్రవేశిస్తారు. నాలుగు అక్షరాల బార్లు రెండు కలిస్తే ఆదితాళం ఒక ఆవర్తనం, కనుక పదహారు బార్లంటే సరిగ్గా ఎనిమిది ఆవర్తనాలు. తొడ మీద చప్పుడు కాకుండా వేళ్లతో తాళం వేస్తూ ఎనిమిది ఆవర్తనాలు లెక్కపెట్టడం వర్ణం నేర్చిన ఏ విద్యార్థికైనా చేతనైన పని, ఆ నేర్పును ఇక్కడ వాడుకోవచ్చునని వారికి తట్టకపోవచ్చు, మనమే గుర్తుచేయాలి.

ఎడమ చేతి విషయంలో రెండు మాటలు. మన వాదనంలో వేలిని జార్చి స్వరాన్ని చేరుకోవడం సహజం, వాద్యబృందంలో మాత్రం ప్రతి స్వరానికీ వేలు నేరుగా దాని స్థానంలో పడాలి, అందుకు మనం అంతగా వాడని చిటికెన వేలికి నెల రోజుల పాటు రోజూ పది నిమిషాలు కసరత్తు చేయించాలి. నేల మీద కూర్చుని వయొలిన్ తలను చీలమండ దగ్గర ఆనించడానికి అలవాటుపడినవారు కుర్చీ మీద గడ్డం కిందనే వాద్యాన్ని నిలపడం కూడా ఆ నెలలోనే నేర్చుకోవాలి, అవసరమైతే వాద్యాన్ని భుజం మీద ఆనించే షోల్డర్ రెస్ట్ కొనండి.

వీణ వాయించేవారిని కూడా పిలిచే ఉత్సవమైతే వారికి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. వీణ ఇరవై నాలుగు మెట్లూ మైనంలో అమర్చి ఉంటాయి. చెన్నై ఎండలో మూసిన కారులో వీణను గంటసేపు వదిలితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, అప్పుడు ఏ స్వరమూ తన చోట పలకదు, మేళం చేసే నిపుణుడు వచ్చి సరిచేసేవరకు ఆ వీణ పనికిరాదు. వయొలిన్‌లో పలకలను అతికించిన జిగురుకు కూడా ఆ వేడి మంచిది కాదు. భోజనానికి వెళ్లినా వాద్యం మీతోనే ఉండాలి.

ఉత్సవం రోజు పెట్టెలో అదనపు తీగల జత, కమానుకు రాసే రోజిన్, రెండు పెన్సిళ్లు, రబ్బరు, మెత్తని నూలుగుడ్డ ఉండాలి. ఎడమ చేతి గోళ్లు ముందు రోజే కత్తిరించుకోవాలి, అదే ఉదయం కత్తిరిస్తే వేలికొనలు నొప్పి పెడతాయి. మద్రాసు విశ్వవిద్యాలయపు చేపాక్కం ప్రాంగణం వంటి చోటికి వెళ్లవలసి వస్తే మెరీనా వైపు ట్రాఫిక్‌ను దృష్టిలో పెట్టుకుని ఒక గంట ముందుగా బయలుదేరండి, స్టేషన్ దగ్గరే ఉంది కనుక రైలు ఇంకా నిశ్చింత.

మాస్టర్ క్లాస్‌లో వాయించే అవకాశం వస్తే పిల్లలు తమకు బాగా వచ్చిన భాగాన్ని కాక, ఎక్కడ తడబడుతున్నారో ఆ ఎనిమిది బార్లను ఎంచుకోవాలి. ఆచార్యుల దగ్గర దొరికేది పదిహేను నిమిషాలే. “ఈ చోట నా కమాను వణుకుతోంది, ఎందుకండీ?” అని సూటిగా అడిగినవారికి సూటిగా జవాబు దొరుకుతుంది. కచేరీ వేళ తల్లిదండ్రులు ఫోను వెలుగు వేదిక మీద పడకుండా చూసుకోవాలి, పిల్లలు చూడవలసింది కండక్టర్ చేతిని, మిమ్మల్ని కాదు.

ఇంటికి చేరిన తరువాత తీగల మీదా పలక మీదా పడిన రోజిన్ పొడిని నూలుగుడ్డతో తుడిచి, కమాను వెంట్రుకలను వదులు చేసి పెట్టెలో పెట్టండి. మరునాడు మళ్లీ మన శ్రుతికి దింపేటప్పుడు ఒక్కొక్క తీగనూ కొంచెం కొంచెంగా, నాలుగింటినీ వంతులవారీగా దింపుతూ రావాలి, ఆ సమయంలో బ్రిడ్జి నిటారుగా ఉందో లేదో మరోసారి పక్క నుంచి చూడండి. పెన్సిల్ గుర్తులున్న ఆ కాగితాలను పారేయకుండా గురువుగారికి చూపిస్తే, వచ్చే వారం పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలుస్తుంది.