అర్ధరాత్రి ఫోన్ సైరన్‌లా మోగుతోందా? ఏది మోగిందో ముందు తేల్చుకోండి

రాత్రి రెండింటికి ఫోన్ సైరన్‌లా మోగితే ఎవరికైనా గుండె దడే. నిద్రమత్తులో సెట్టింగ్స్ తెరిచి, అలర్ట్ అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆఫ్ చేసేస్తారు. కాసేపటికి మళ్లీ మోగుతుంది. తెల్లారాక షాపుకొచ్చి "అన్నా, అన్నీ బంద్ చేసిన, అయినా ఆగుతలేదు. ఇంకేడ ఉన్నదో నువ్వే చూడు" అంటారు. హైదరాబాద్ మలక్‌పేటలో ఫోన్లు బాగుచేసే నాకు వానాకాలం వచ్చిందంటే ఇది అలవాటైన మాట.

ఏం మోగిందని అడిగితే "సైరన్" అంటారు. స్క్రీన్ మీద ఏం రాసి ఉందో చెప్పగలిగేవాళ్లు తక్కువ. అది తెలియకుండా ఏదీ ఆఫ్ చేయొద్దు. రాత్రిపూట ఒకేలా వినిపించే మోతల వెనక నాలుగైదు వేర్వేరు కారణాలుంటాయి. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకొకదానికి పనికిరాదు.

ముందుగా అలర్ట్ హిస్టరీ చూడండి

ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్ పైనున్న సెర్చ్‌లో "ఎమర్జెన్సీ" అని కొట్టండి. ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో మూల పెడుతుంది కాబట్టి మెనూలన్నీ తిరగడం కంటే సెర్చే నయం. "వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్" అన్న పేజీ వస్తుంది. అందులో ఎమర్జెన్సీ అలర్ట్ హిస్టరీ ఉంటుంది. ప్రభుత్వం టవర్ల ద్వారా పంపిన ప్రతి హెచ్చరికా తేదీతో, టైముతో అక్కడ ఉండాలి.

మోగిన టైముకు అక్కడ ఏమీ లేకపోతే అది ప్రభుత్వ అలర్ట్ కాదు. ఆ పేజీలో ఎన్ని ఆఫ్ చేసినా మీ మోత ఆగదు, పైగా నిజంగా వరద వచ్చిన రాత్రి ఫోన్ మూగబోతుంది. అరనిమిషం పట్టే ఈ ఒక్క పని మానేసి, ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసుకుని ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. దయచేసి ముందు ఇది చూడండి.

హిస్టరీలో లేకపోతే నోటిఫికేషన్ హిస్టరీ చూడండి. అది ముందే ఆన్ చేసి ఉంటేనే పనిచేస్తుంది కాబట్టి ఇప్పుడే ఆన్ చేసి పెట్టుకోండి. గత 24 గంటల్లో ఏ యాప్ ఎప్పుడు మోగిందో చెబుతుంది.

ఒక్కసారి వచ్చిన అలర్ట్ రాత్రంతా మోగుతోంది

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇదే. అందుకే దీని గురించి వివరంగా చెబుతాను.

మూసారాంబాగ్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రాత్రి అలర్ట్ రాగానే దిండు పక్కనున్న ఫోన్ తీసి పక్కనున్న వాల్యూమ్ బటన్ నొక్కారు. మోత ఆగింది. ఫోన్ బోర్లా పెట్టి పడుకున్నారు. కళ్లు మూతపడేలోగా మళ్లీ మోగి, వణికింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అంతే. సర్కారే రెండు నిమిషాలకోసారి పంపుతోందనుకుని సెట్టింగ్స్‌లో అన్నీ ఆఫ్ చేశారు, అయినా ఆగలేదు. చివరికి ఫోన్ స్విచాఫ్ చేశారు. ఇక ఈ వానాకాలమంతా రాత్రిళ్లు స్విచాఫే అని నాతో అన్నారు. ఆయన ఇల్లు మూసీ నదికి కూతవేటు దూరంలో ఉంది.

ఫోన్ ఆన్ చేసి చూస్తే హిస్టరీలో ఉన్నది ఒకే ఒక్క అలర్ట్. మిగతా మోతలన్నీ ఆయన ఫోన్ తనంతట తాను చేసినవి. అదే పేజీలో "అలర్ట్ రిమైండర్" అని ఒకటి ఉంటుంది. ఒకసారి, ప్రతి 2 నిమిషాలకు, ప్రతి 15 నిమిషాలకు, వద్దు అని అందులో ఎంచుకోవచ్చు. ఆయనది 2 నిమిషాల మీద ఉంది.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. వాల్యూమ్ బటన్‌గానీ, పవర్ బటన్‌గానీ నొక్కితే శబ్దం మాత్రమే ఆగుతుంది. అలర్ట్ చదివినట్టు ఫోన్ లెక్క వేసుకోదు. స్క్రీన్ మీద వచ్చిన బాక్సులో "ఓకే" నొక్కేదాకా అది చదవని అలర్టే. చదవలేదు కాబట్టి రిమైండర్ గుర్తుచేస్తూనే ఉంటుంది. హోమ్ నొక్కి బయటికొచ్చినా, ఫ్లిప్ కవర్ మూసేసినా అంతే. అలర్ట్ రకాలను ఆఫ్ చేయడం ఇక మీదట రాబోయే వాటికి పనికొస్తుంది తప్ప, అప్పటికే వచ్చి కూర్చున్న దాన్ని తీసేయదు. "అన్నీ బంద్ చేసినా మోగుతోంది" అనడానికి అసలు కారణం ఇది.

ఇందులోనే ఇంకో మెలిక. వెంటవెంటనే రెండు మూడు అలర్ట్‌లు వస్తే కొన్ని ఫోన్లలో అవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పైన చిన్న అక్షరాల్లో 1/3 అని కనిపిస్తుంది. ఒకసారి ఓకే నొక్కి వదిలేస్తే కిందిది పైకి వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు, రిమైండర్ దాని కోసం మోగుతూ ఉంటుంది. బాక్సు పూర్తిగా పోయేదాకా ఓకే నొక్కండి. నొక్కేముందు చదవండి, ఎందుకంటే మూడోది మీ కాలనీ గురించే కావచ్చు.

సరిచేసే పద్ధతి: ఓకేలు నొక్కి ఖాళీ చేయండి, రిమైండర్‌ను "ఒకసారి" మీద పెట్టండి. "వద్దు" అని పెట్టమని నేను చెప్పను. గాఢనిద్రలో మొదటి మోత వినిపించకపోతే రెండోది లేపుతుంది. ఆ పెద్దాయన ఫోన్‌లో కూడా అలాగే పెట్టి, ఆఫ్ చేసినవన్నీ తిరిగి ఆన్ చేసి పంపాను.

ఐఫోన్‌లో ఇలాంటి తిప్పలు ఎస్సెమ్మెస్ వైపు నుంచి వస్తాయి. మెసేజెస్ నోటిఫికేషన్లలో "రిపీట్ అలర్ట్స్" అని ఉంటుంది. మామూలుగా అది "ఒకసారి" మీద ఉంటుంది, అంటే చదవని మెసేజ్‌కు రెండు నిమిషాల తర్వాత మళ్లీ మోగుతుంది. ఎవరో పిల్లలు దాన్ని పదిసార్లకు మార్చి పెట్టి ఉంటే రాత్రంతా జాగరణే. అక్కడ తగ్గించుకోండి. ప్రభుత్వ అలర్ట్‌లు మాత్రం నోటిఫికేషన్స్ పేజీ అట్టడుగున వేరుగా ఉంటాయి, వాటిని కదపొద్దు.

మా దగ్గర చినుకు లేదు, అయినా అర్ధరాత్రి అలర్ట్

ఇది చాలాసార్లు ఫోన్ తప్పు కాదు, అలర్ట్ తప్పూ కాదు.

టవర్ నుంచి వచ్చే ఈ హెచ్చరికను సెల్ బ్రాడ్‌కాస్ట్ అంటారు. ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసినట్టు, ఆ టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి వినిపిస్తుంది. మీ నంబరుతో పని లేదు, డేటాతో పని లేదు. టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి 2023లో దేశమంతా పరీక్ష సందేశాలు పంపినప్పుడు చాలామంది ఫోన్లు ఒక్కసారిగా మోగింది దీనివల్లే. టవర్ సిగ్నల్ జిల్లా హద్దు దగ్గర ఆగదు. పక్క ప్రాంతానికి ఉద్దేశించింది ఒక్కోసారి మీకూ వినిపిస్తుంది.

పైగా మన నగరం ఒక జిల్లా కాదు. మలక్‌పేట హైదరాబాద్ జిల్లా, గచ్చిబౌలి రంగారెడ్డి, కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజిగిరి. "రంగారెడ్డి జిల్లాకు" అని వచ్చిందని, అదెక్కడో ఊళ్ల సంగతిలే అని గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఉన్నవాళ్లు పక్కన పడేయడం నాకు తెలుసు. అది వాళ్లకే వచ్చింది.

మూసీ సంగతి ఇంకోటి. నది పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. అటు వైపు సాయంత్రం కుండపోత కురిస్తే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిండుతాయి, గేట్లు ఎత్తుతారు, నీళ్లు చాదర్‌ఘాట్ చేరేసరికి రాత్రి అవుతుంది. 2025 సెప్టెంబరు చివర్లో ఎంజీబీఎస్ బస్టాండులోకి వరద వచ్చింది రాత్రిపూటే. 2020 అక్టోబరు 13న నగరాన్ని ముంచిన వాన కూడా రాత్రి తెరిపి ఇవ్వలేదు. ఆకాశం చూసి అలర్ట్ అబద్ధమనుకోవడం నది ఒడ్డున ఉన్నవాళ్లకు ప్రమాదం.

పొద్దున్నే రావాల్సింది రాత్రి వచ్చింది

మెసేజ్ యాప్‌లో తెలుగులో వచ్చే పిడుగుల హెచ్చరికలు వేరు. అవి ఎస్సెమ్మెస్‌లు. ఒక్కో నంబరుకూ విడిగా వెళ్లాలి కాబట్టి లక్షలమందికి చేరడంలో ఆలస్యమవుతుంది. మీ ఫోన్ స్విచాఫ్‌లోనో, సెల్లార్లో సిగ్నల్ లేకుండానో ఉంటే నెట్‌వర్క్ దాన్ని దాచి, మీరు దొరకగానే పంపుతుంది. "రాబోయే మూడు గంటల్లో" అని ఉంటే ఎప్పటి నుంచి మూడు గంటలో చూడండి. వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ సూచన చెల్లేది ఆ మూడు గంటలే. మెసేజ్‌లో టైము ఉంటే అదే లెక్క, మీ ఫోన్ మోగిన టైము కాదు.

దీనికి మందు రాత్రి ఫోన్ ఆన్‌లో ఉంచడమే. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పడుకుంటే అప్పుడు రావాల్సినవన్నీ తీసిన క్షణాన గుంపుగా పడతాయి. టవర్ అలర్ట్ కూడా దాని గడువు ఉన్నంతసేపు మళ్లీ మళ్లీ ప్రసారమవుతుంది. మామూలుగా ఫోన్ ఒకసారి వచ్చినదాన్ని గుర్తుపట్టి రెండోసారి మోగదు, కానీ మధ్యరాత్రి ఆన్ చేసిన ఫోన్‌కు అది కొత్తదే. రెండు కంపెనీల సిమ్‌లు ఉంటే కొన్ని మోడళ్లలో ఒకే అలర్ట్ రెండుసార్లు వస్తుంది, కంగారు పడొద్దు.

సైరన్ మోగింది, కానీ మెసేజ్ ఏమీ లేదు

హిస్టరీ ఖాళీ, నోటిఫికేషన్లు ఖాళీ, మోత మాత్రం నిజం. అప్పుడు బ్యాక్ కేసు తీసి పవర్ బటన్ నొక్కి చూడండి. బిగుతు కేసు వల్లో, దిండు కింద నలగడం వల్లో ఆ బటన్ వరసగా ఐదుసార్లు నొక్కుకుపోతే ఎమర్జెన్సీ ఎస్‌ఓఎస్, అంటే ఆపదలో సాయం కోరే ఏర్పాటు, మొదలవుతుంది. చాలా ఫోన్లలో కౌంట్‌డౌన్‌తో పాటు పెద్ద శబ్దం వస్తుంది, ఆ తర్వాత 112కు కాల్ వెళ్తుంది. కాల్ లిస్టులో 112 కనిపిస్తే కారణం దొరికినట్టే. కేసు మార్చండి, బటన్ ఇరుక్కుంటుంటే బాగుచేయించండి. ఎస్‌ఓఎస్‌ను పూర్తిగా తీసేయకుండా, స్క్రీన్ మీద నొక్కి పట్టుకుంటేనే మొదలయ్యేలా మార్చే వీలు మీ ఫోన్‌లో ఉంటే అది పెట్టుకోండి. కాల్ వెళ్లిపోయి ఉంటే కట్ చేసి పారిపోవద్దు, పొరపాటున నొక్కుకుపోయిందని చెప్పండి. అవతల వాళ్లు మీ కోసం వెతకకుండా ఉంటారు.

మిగతావి

న్యూస్ యాప్‌లు, వాతావరణ యాప్‌లు: నోటిఫికేషన్ నొక్కి పట్టుకుని ఆఫ్ చేయండి, డోంట్ డిస్టర్బ్ మినహాయింపుల్లో దాని పేరుంటే తీసేయండి. స్క్రీన్ మధ్యలో చిన్న బాక్సు వచ్చి పాటల ప్యాకో, క్రికెట్ ప్యాకో అమ్మజూపితే అది సిమ్ టూల్‌కిట్ పని, ఆ యాప్ తెరిచి స్టాప్ నొక్కండి. బీరువాలో పడేసిన పాత ఫోన్ సిమ్ లేకుండానే మోగగలదు, బ్యాటరీ ఉంటే చాలు. భూకంప హెచ్చరిక మనకు అరుదు. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు నగరంలోనూ కదిలింది, ఆ అలర్ట్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి. ఓటీపీ అడిగేది, లింకు నొక్కమనేది ఏ అలర్టూ కాదు, తీసేయండి.

ఏది ఆపాలి, ఏది ఉంచాలి

టెస్ట్ అలర్ట్‌లు ఆఫ్ చేసుకోండి, నష్టం లేదు. "ఎక్స్‌ట్రీమ్", అంటే అతి తీవ్రమైన ముప్పు హెచ్చరిక, ఎవరూ తీయొద్దు. అన్నిటికంటే పై స్థాయి అలర్ట్‌ను ఆపే వీలు చాలా ఫోన్లలో అసలు ఉండదు, అది సరైనదే. దాని కింది స్థాయి "సివియర్" దగ్గర ఆలోచించండి. పదో అంతస్తులో ఉంటూ రాత్రి డ్యూటీ చేసి పడుకునేవాళ్లు తీసేసుకోవచ్చు. మూసీ ఒడ్డున, నాలా పక్కన, చెరువు కట్ట కింద, సెల్లార్ గదుల్లో ఉండేవాళ్లు మాత్రం జూన్ నుంచి అక్టోబరు దాకా దాన్ని ముట్టుకోవద్దు.

పసిపాప ఉన్న ఇల్లు, గుండెజబ్బు ఉన్న పెద్దవాళ్లు ఉన్న ఇల్లు అయితే నేను చెప్పేది ఇది: మెలకువ వచ్చినా తట్టుకోగల ఒకరి ఫోన్‌లో అన్నీ ఆన్‌లో ఉంచి, అది ఛార్జింగ్‌లో హాల్లో పెట్టండి. మిగతావాళ్ల ఫోన్లలో "సివియర్" తీసేయండి. ఎవరి ఫోన్ ఆన్‌లో ఉందో ఇంట్లో అందరికీ చెప్పండి. భార్య ఫోన్‌లో ఉందిలే అని భర్త, భర్త ఫోన్‌లో ఉందిలే అని భార్య ఇద్దరూ తీసేసిన ఇళ్లున్నాయి.

సిమ్ మార్చినా, ఫోన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినా ఈ పేజీ మరోసారి తెరిచి చూడండి. కొన్ని ఫోన్లలో మీరు పెట్టినవి పోయి మొదటికొస్తాయి, రిమైండర్ మళ్లీ రెండు నిమిషాల మీదకు వెళ్లిందేమో ముఖ్యంగా చూసుకోండి.